ఎర్ర గడిలో లెక్కల మాస్టారు

మంచి అంటే ఏమిటి, చెడు అంటే ఏమిటి అని మానవజాతి తరతరాలుగా పడుతున్న తగువు ఎట్టకేలకు పరిష్కారమైందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. పరిష్కారం దళసరి కాగితం మీద, రెండు రంగుల్లో, పైనా కిందా రేకు పట్టీలతో, గోడకు తగిలించుకోవడానికి దారంతో సహా దొరుకుతుంది. తడిగుడ్డతో తుడిచినా పోదు. బడులకు టోకున కొంత తగ్గింపు ఉంది.

దీన్ని కనిపెట్టింది ఏ మహర్షో, ఏ విశ్వవిద్యాలయమో కాదు. బస్టాండు వెనక సందులో, సైకిలు రిపేరు షాపుకూ పళ్ళ డాక్టరు గదికీ మధ్య ఇరుక్కుని ఉన్న ఒక చార్టుల అచ్చాఫీసు. పళ్ళు, పక్షులు, వాహనాలు, శరీర భాగాలు, మంచి చెడు అలవాట్లు, ఈ విషయాలన్నిటిలో ఊళ్ళోని బడులకు తుది తీర్పు ఈ ఆఫీసుదే. ఒకసారి పక్షుల చార్టులో పొరపాటున గబ్బిలం పడింది. ఆ ఏడాది ఊరంతటా గబ్బిలం పక్షే. కాదన్న పిల్లలకు మార్కులు పోయాయి. గబ్బిలాలు ఏ అభ్యంతరమూ చెప్పలేదు.

మంచిచెడుల చార్టు మాత్రం పాతబడింది. అందులో మంచివాడు ఉత్తరం తీసుకెళ్ళి పోస్టు డబ్బాలో వేస్తుంటాడు. ఇప్పటి పిల్లలు అది చెత్తడబ్బా అనుకుని, కాగితం కింద పారేయని బుద్ధిమంతుడని మెచ్చుకుంటున్నారు. ఫలితం ఒకటే గనక ఇన్నాళ్ళూ ఎవరూ పట్టించుకోలేదు. చివరికి అచ్చాఫీసు యజమాని, కాలంతోపాటు మంచిచెడులు కూడా మారాలని, వీలైతే వేసవి సెలవుల్లోపే మారాలని నిర్ణయించాడు.

కొత్త చార్టు గీసే పని ఆఫీసులో ఉన్న ఏకైక చిత్రకారిణికి అప్పగించారు. ఆమెకు పెళ్ళయి ఇంకా కొత్త వాసన పోలేదు గనక ఆఫీసంతా ఆమెను కొత్త పెళ్ళికూతురు అనే పిలుస్తుంది. కాలేజీలో తత్వశాస్త్రం చదివింది. నీతిశాస్త్రం పేపర్లో కాలేజీకే మొదటి మార్కు. మంచి అంటే ఏమిటో ఆగకుండా పేజీలకు పేజీలు రాయగలదు. రెండో వైపు నుంచి అడిగితే అవే పేజీలు తిరగేసి రాయగలదు. ఇంత అర్హత ఉన్న మనిషి చేతిలో పడ్డాక పొరపాటు జరిగే అవకాశం ఎక్కడుందని మీరు అడగవచ్చు. తొందరపడకండి.

మంచి సగం ఇట్టే తయారైంది. చెడు దగ్గరే పని ఆగిపోయింది. కారణం, కొత్త పెళ్ళికూతురికి లోకంలో చెడు అన్నది ఎక్కడా కనిపించడం లేదు. పొద్దున లేస్తే స్నానాలగదిలో ఒకే గ్లాసులో రెండు బ్రష్షులు తలలు ఆనించుకుని నిలబడి ఉంటాయి. ఆ దృశ్యం చూసి పళ్ళు తోముకోవడం మరిచిపోయిన రోజులున్నాయి. వంటింటి కుళాయి కారుతుంటే అందులో ఆమెకు తాళం వినిపిస్తుంది. పాలు పొంగిపోతే, ఎంత ముచ్చటగా పొంగాయో అని పిలిచి చూపిస్తుంది. కరెంటు పోతే ఇద్దరూ మెట్ల మీద కూర్చోవచ్చు. వస్తే లోపలికి వెళ్ళవచ్చు. ఇలాంటి మనిషి చెడును గీయడమంటే మాటలా?

"ఎంతవరకు వచ్చిందమ్మా?" అని అడిగాడు యజమాని.

"మంచి అయిపోయింది సార్. చెడే దొరకట్లేదు."

"దొరకట్లేదా! పోయి రోడ్డు మీద నిలబడు. అరగంటలో బుట్టెడు దొరుకుతుంది."

"నిలబడ్డాను సార్. అందరూ బాగానే ఉన్నారు. అడ్డంగా నిలబడ్డానని ఒకాయన నన్ను తిట్టాడు కూడా. గొంతు ఎంత బాగుందో!"

యజమాని కళ్ళజోడు తీసి ఆమె వైపు జాలిగా చూశాడు. "తగ్గుతుందిలే అమ్మా," అన్నాడు. "మాకూ వచ్చింది అప్పట్లో. ఈలోపు ఆర్డరు పోతుంది. చెడు నీ దగ్గర లేకపోతే నలుగురినీ అడిగి తెచ్చుకో."

అడగడమే ఆలస్యం, చెడు కుప్పలుతెప్పలుగా వచ్చి పడింది. అచ్చుయంత్రం నడిపే పెద్దమనిషిని అందరూ మెషిన్ బాబాయి అంటారు. ఆయన లెక్కలో అసలైన పాపం ఒక్కటే, ఒకరి దువ్వెన ఇంకొకరు వాడటం. హత్యలూ దోపిడీలూ దాని తర్వాతే. యజమానికి సోమవారం సెలవు అడగడాన్ని మించిన దుర్మార్గం తోచలేదు. పక్కగది పళ్ళ డాక్టరు, తీపి తినేవాళ్ళు చెడ్డవాళ్ళని ఠక్కున చెప్పి, మెట్లు దిగుతున్న ఆమెను వెనక్కి పిలిచి, బాగా ఆలోచిస్తే వాళ్ళు చాలా మంచివాళ్ళని సవరించుకున్నాడు. అత్తగారు, గిన్నె మీద మూత పెట్టనివాళ్ళకు ఏ లోకంలోనూ సుఖం ఉండదని చెప్పింది. చెబుతూ కోడలి వైపు చూడలేదు. ఆవిడకు ఆ మర్యాద ఉంది. గిన్నె వైపు చూసింది.

కొత్త పెళ్ళికూతురి భర్త ఊళ్ళోని పెద్ద బడిలో లెక్కల మాస్టారు. ఆయన్నీ అడిగింది.

"మధ్యలో మెట్లు రాయకుండా జవాబు రాసేవాడు," అన్నాడాయన, గిన్నె తోముతూ.

"అంతేనా? జవాబు తప్పు రాసేవాడు?"

"వాడి పాపమేముంది? ఎక్కడ తప్పాడో కనిపిస్తుంది, దిద్దుకుంటాడు. దాచినవాడితోనే చిక్కు. ఇదిగో, ఇది తుడువు."

ఈ పరిశోధన మొత్తం మీద ఆమె ఒక మహా సూత్రం కనిపెట్టింది. మంచి అంటే ఎవరికి వారు చేసే పని. చెడు అంటే అదే సమయంలో పక్కవాళ్ళు చేస్తున్న పని. ఇది డాక్టరేటుకు సరిపోయే సంగతే గానీ చార్టులో దానికి చోటు లేదు.

చోటు ఉన్నది బొమ్మలకు. పద్ధతి ఏమిటంటే, ఆకుపచ్చ గడిలో ఉన్నవి మంచి అలవాట్లు, ఎర్ర గడిలో ఉన్నవి చెడ్డవి. పిల్లలకు అక్షరాలు రాకముందే రంగులు వస్తాయి గనక ఈ ఏర్పాటు. మంచి బొమ్మలకు ఆమె కూర్చోబెట్టింది ఎవరిని అని అడిగితే మీకు పెళ్ళి కాలేదన్నమాట. గిన్నెలు తోముతున్న లెక్కల మాస్టారు. ముక్కూమొహం తెలియని మనిషితో గొడుగు పంచుకుంటున్న లెక్కల మాస్టారు. వరుసలో తన వంతు కోసం నిలబడ్డ, పెద్దావిడకు చోటిచ్చి లేచిన, తనమీద వేసిన జోకుకు తనే నవ్వుతున్న లెక్కల మాస్టారు. పిల్లవాడు అడిగిన ప్రశ్నకు "నాకు తెలియదు, కనుక్కుని చెప్తాను" అంటున్న లెక్కల మాస్టారు. అన్నిటిలోనూ ఆయన చెవి పక్క సుడి కూడా వదలకుండా గీసింది.

చెడ్డవాడి మొహమే కుదరలేదు. తెలిసినవాళ్ళెవరూ ఆ పనికి తగినంత చెడ్డగా కనిపించలేదు. చివరికి కళ్ళు సగం మూసుకుని పెన్సిలుకు స్వేచ్ఛ ఇచ్చేసింది. పెన్సిలు దట్టమైన కనుబొమలు వేసింది, చివరలు పైకి తిరిగిన మీసం వేసింది, ముక్కు కొసన కళ్ళజోడు నిలబెట్టింది, గడ్డాన్ని మీది అంతస్తు వైపు ఎత్తింది. ఆ మనిషి గోడ మీంచి పక్కింట్లోకి చెత్త విసిరాడు, వరుస తప్పించి ముందుకు దూరాడు, బల్ల గుద్ది అరిచాడు, మీటింగులో నిద్రపోయాడు, పక్కవాళ్ళ కిటికీ కింద చెవి పెట్టాడు, రెండు కుర్చీల్లో ఒక్కడే కూర్చున్నాడు. ఎక్కడో చూసిన మొహంలా ఉందే అని ఆమె కాసేపు అనుకుంది. అనుకుని, భర్త ఫోను చేయడంతో మరిచిపోయింది. ఈ విషయంలో ఆమె నిర్దోషి. పెన్సిలు సంగతి మనం చెప్పలేం.

ఇక అచ్చు. ఎర్ర గడులకు ఒక ప్లేటు, ఆకుపచ్చ గడులకు ఒక ప్లేటు. మెషిన్ బాబాయి రెండూ బిగించి, మొదటి కాగితం తడి ఆరకముందే దండెం మీద వేలాడదీసి ఆమెను పిలిచాడు. ఏ రంగు ఎక్కడ పడిందో చూసి సరే అనడం ఆమె ఉద్యోగంలో అతి ముఖ్యమైన భాగం.

"చూడమ్మా, బావుందా?"

కాగితం నిండా భర్త. అక్కడా ఆయనే, ఇక్కడా ఆయనే, గొడుగు కింద ఆయనే. కొత్త పెళ్ళికూతురు రెండు చేతులూ బుగ్గలకు ఆనించుకుంది.

"అబ్బ! ఎంత బాగున్నారో!"

"మనిషి సంగతి కాదమ్మా, రంగులు చూశావా?"

"ఆయనకి ఏ రంగైనా నప్పుతుంది బాబాయ్!"

మెషిన్ బాబాయి మీట నొక్కాడు. సాయంత్రానికల్లా మంచిచెడులు కట్టలు కట్టి బడులకు బయల్దేరాయి.

ఒక చార్టు ఆమె ఇంటికి తెచ్చుకుంది. వంటింటి గోడకు మేకు కొడుతుంటే అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని వచ్చి, మొదటి బొమ్మ నుంచి చివరి బొమ్మ దాకా వేలు పెట్టి చూసింది. ఆవిడ మొహం మెల్లగా విప్పారింది.

"అమ్మాయ్, నిన్ను ఎంత తప్పుగా అనుకున్నానే! మగాడి చేత గిన్నెలు తోమించడం తప్పని ఇన్నాళ్ళకైనా నువ్వే బొమ్మేసి ఒప్పుకున్నావు."

"తప్పేంటత్తయ్యా, అది మంచి…" అంటూ కొత్త పెళ్ళికూతురు చార్టు వైపు తిరిగింది. సుత్తి చేతిలోంచి జారింది. లెక్కల మాస్టారు ఆమూలాగ్రం ఎర్ర గడుల్లో ఉన్నాడు. గోడ మీంచి చెత్త విసిరే మీసాలాయన చుట్టూ ఆకుపచ్చ గడి, అదీ లేతగా, కంటికి చలవగా ఉంది.

అత్తగారు ఆ రాత్రి కోడలికి తనే వడ్డించింది. పెళ్ళయ్యాక అదే మొదలు.

భర్త మాత్రం ఎక్కిళ్ళు వచ్చేదాకా నవ్వాడు. "చిన్నప్పటినుంచి ఒక్కసారైనా చెడ్డవాణ్ణి అనిపించుకోవాలని ఉండేది. ఒక్క దెబ్బతో ఊరంతటికీ చెడ్డవాణ్ణి చేశావు!" అన్నాడు. ఆమె ఏడవబోయి, ఆయన నవ్వు చూసి తనూ నవ్వేసింది. తన కాపురం ఎంత చల్లగా ఉందో అనుకుంది. నీతిశాస్త్రంలో మొదటి మార్కు వచ్చినవాళ్ళ తీరు ఇలాగే ఉంటుంది.

మర్నాడు యజమాని ముందు తల దించుకుని నిలబడింది.

"ప్లేట్లు తారుమారైనాయి సార్. తప్పు నాదే. అన్నీ వెనక్కి తెప్పించాలి."

"ఎవరన్నా వెనక్కి పంపారా?"

"లేదు సార్."

"ఇదేమిటని అడిగారా?"

"లేదు."

"ఒక్క ఫిర్యాదు వచ్చింది. ఆకుపచ్చ కాస్త వెలిసినట్టుందట. రెండో ముద్రణలో ముదురు వేద్దాం." యజమాని కుర్చీ వెనక్కి వాల్చాడు. "తప్పు తప్పని చెప్పడానికి ఒక్కడైనా ఉండాలి కదమ్మా. లేనప్పుడు అది తప్పెలా అవుతుంది? నువ్వు చదివినదాంట్లో ఏముందో గానీ, వ్యాపారంలో అంతే."

ఆయన అన్నది నిజం. చార్టు ఊరికి అచ్చంగా సరిపోయింది. బడుల్లో టీచర్లు ఒక్క క్షణం కూడా తడబడలేదు. గోడ మీంచి చెత్త విసరడాన్ని స్వగృహ పరిశుభ్రత అని పాఠం చెప్పారు. వరుస తప్పించి దూరడం చొరవ. బల్ల గుద్దడం భావ స్పష్టత. మీటింగులో నిద్ర ప్రశాంత చిత్తం. కిటికీ కింద చెవి పెట్టడం ఇరుగుపొరుగుల క్షేమం పట్ల శ్రద్ధ. రెండు కుర్చీల్లో కూర్చోవడం విశాల దృక్పథం. తల్లిదండ్రులు ఈ పాఠాలు విని, తాము ఇంతకాలం తెలియకుండానే ఎంత నీతిగా బతుకుతున్నారో తెలుసుకుని పొంగిపోయారు. కొందరు ఆనందబాష్పాలు రాల్చారు. బడి కుళాయి దగ్గర వరుస అన్నది మాయమై, పిల్లల్లో చొరవ పొంగిపొర్లింది, రెండు మోచేతులు విరిగాయి. మా వీధి, మీ వీధి అని లేకుండా ప్రతి ఇల్లూ అద్దంలా మెరిసింది. చెత్త ఒక్కో ఇంటి చొప్పున ముందుకు జరుగుతూ వీధి చివరి ఇంటికి చేరింది. ఆ ఇంట్లోవాళ్ళొక్కరే, అవగాహన లోపం వల్ల కాబోలు, చార్టు కొనలేదు.

అందరికంటే ఎక్కువగా సంతోషించింది పెద్ద బడి హెడ్మాస్టరుగారు. ప్రార్థన సమయంలో చార్టును స్వయంగా ఎత్తిపట్టుకుని ఆయన ఇలా ప్రసంగించారు: "బాలబాలికలారా! ఈ ఆకుపచ్చ గడుల్లోని మహనీయుణ్ణి చూడండి. ఈ కనుబొమలు చూడండి. ఈ మీసం చూడండి. చిత్రకారుల ముందు నేను కూర్చున్నది లేదు, కూర్చోమని వారు అడిగిందీ లేదు. అయినా సద్గుణాన్ని గీయబోతే చెయ్యి దానంతటదే ఎవరి రూపం వైపు వెళ్తుందో నేను నా నోటితో చెప్పడం భావ్యం కాదు." టీచర్లందరూ ఆ మాట తమ నోటితో చెప్పారు. ప్రతి తరగతి గదికీ ఒక చార్టు, హెడ్మాస్టరుగారి గదికి రెండు తెప్పించారు.

ఇక్కడిదాకా అంతా శుభమే. చిక్కల్లా, ఎర్ర గడుల్లోని మనిషి రోజూ అదే బడికి లెక్కలు చెప్పడానికి వస్తుంటాడు. ఆయన ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. వార్షికోత్సవం నాడు తల్లిదండ్రుల సంఘం ఎదుట హెడ్మాస్టరుగారు సంతకం పెడితేనే ఖాయం, లేకపోతే ఆ రోజుతో సెలవు. లెక్కల మాస్టారికి బతుకంతా ఆ నల్లబల్ల ముందే ఉంది. ఎవరో పిల్లవాడు భిన్నాలు అర్థమై "ఓ!" అన్నాడని ఇంటికి పరుగెత్తుకొచ్చి చెప్పే మనిషి.

హెడ్మాస్టరుగారు ఆయన్ని గదికి పిలిపించారు.

"మాస్టారూ, ఒక చిన్న విషయం. మీరు ఇంట్లో గిన్నెలు తోముతారా?"

"తోముతాను సార్."

"ఒప్పుకుంటున్నారు!" హెడ్మాస్టరుగారు ముందుకు వంగారు. "గొడుగు?"

"మొన్న వానలో ఎవరో తడుస్తుంటే…"

"పంచుకున్నారు. ఇద్దరూ సగం సగం తడిశారు. ఒక మనిషి పూర్తిగా పొడిగా ఉండే అవకాశాన్ని మీరు చేతులారా పాడుచేశారు. పెద్దావిడకు చోటిచ్చారట. ఆవిడ ముసలిదని బస్సంతటికీ చాటినట్టే కదా? ఆవిడ మనసు ఎంత నొచ్చుకుని ఉంటుంది!"

"థాంక్స్ చెప్పింది సార్."

"పెద్దమనిషి. దాచుకుంది. సరే, అవన్నీ వదిలేద్దాం. తరగతిలో పిల్లల ముందు 'నాకు తెలియదు' అన్నారట. నా సర్వీసులో ఆ మాట నా నోటివెంట ఒక్కసారి రాలేదు మాస్టారూ. తెలిసినా తెలియకపోయినా రాలేదు. తల్లిదండ్రులు అడుగుతున్నారు. ఎర్ర గడిలో మనిషి చేత పిల్లలకు కూడికలు ఎలా చెప్పిస్తారని. వార్షికోత్సవం దాకా ఆలోచించుకోండి."

ఆ సాయంత్రం భర్త నవ్వుతూనే ఇదంతా చెప్పాడు గానీ ఎక్కిళ్ళు రాలేదు.

"నేను వచ్చి నిజం చెప్పేస్తానండీ," అంది కొత్త పెళ్ళికూతురు.

"చెప్పు. నేను ఆకుపచ్చలోకి వస్తాను. మరి ఇప్పుడు ఆకుపచ్చలో ఉన్నాయన ఎక్కడికి పోతాడు?"

"ఎర్రలోకి."

"ఆయనెవరో ఒకసారి సరిగ్గా చూడు."

ఆమె చూసింది. కనుబొమలు చూసింది, మీసం చూసింది. నోరెళ్ళబెట్టింది. "అయ్యో! ఈయన మన రిసెప్షన్లో మైకు పట్టుకుని, భోజనాలు చల్లారిందాకా దీవించినాయన కదూ!"

"ఆయనే. చెప్తే నా ఉద్యోగం పోతుంది. చెప్పకపోయినా పోతుంది. జీవితంలో మొదటిసారి కూడినా తీసేసినా ఒకే జవాబు వచ్చిన లెక్క చూస్తున్నాను. ఎంత చక్కటి లెక్క వేశావో!"

కొత్త పెళ్ళికూతురు తన చదువును శరణు వేడింది. ఎక్కువమందికి ఎక్కువ సుఖమిచ్చేదే మంచి అన్నది ఒక సిద్ధాంతం. దాని ప్రకారం ఊరంతా చార్టుతో సుఖంగా ఉంది, అత్తగారు మరీ సుఖంగా ఉంది, బాధపడుతున్నది ఒక్క లెక్కల మాస్టారూ, వీధి చివరి ఇల్లూ. ఫలితం చూడకుండా కర్తవ్యం చేయమన్నది ఇంకొకటి. ఆమెకు యజమాని పట్ల కర్తవ్యం ఉంది, భర్త పట్ల ఉంది, చార్టు కొన్న బడి పట్ల ఉంది, అన్నీ మూడు వైపులకు లాగుతున్నాయి. మధ్యేమార్గం మంచిదన్నది మరొకటి. ఎరుపూ ఆకుపచ్చా మధ్యకు తెచ్చి కలిపితే బురద రంగు వస్తుందని చిత్రకారిణిగా ఆమెకు తెలుసు. కాలేజీకే మొదటి మార్కు తెచ్చిన ఆ జ్ఞానమంతా తిరగేసి బోర్లేసి చూసి, చివరికి ఒక గట్టి నిర్ణయానికి వచ్చింది. పిరికితనానికి శాస్త్రంలో మంచి పేరు ఏదైనా ఉందేమో వెతుకుదామని. దొరికింది. లౌక్యం.

కాబట్టి వార్షికోత్సవం నాడు చిత్రకారిణిగా రెండు మాటలు మాట్లాడమని హెడ్మాస్టరుగారు కబురు పంపగానే ఆమె ఒప్పుకుంది. చార్టును పొగుడుతుంది, ఆకుపచ్చ మహనీయుడి మీసాన్ని పొగుడుతుంది, ఆయన కరిగి సంతకం పెడతాడు. అద్దం ముందు నిలబడి, గొడుగు పంచుకోవడం వల్ల సమాజానికి కలిగే నష్టాల మీద చక్కటి ఉపన్యాసం తయారుచేసుకుంది. వింటూ అత్తగారు రెండుసార్లు కళ్ళు తుడుచుకుంది. ఆమెకే ఒక దశలో, గొడుగులో నిజంగానే ఏదో దోషం ఉందేమో అనిపించింది. వాదన అంత బాగా కుదిరింది మరి.

బడి హాలు కిక్కిరిసిపోయింది. తల్లిదండ్రులు విశాల దృక్పథంతో తలా రెండు కుర్చీల్లో కూర్చోవడం వల్ల సగంమంది గోడల వెంట నిలబడ్డారు. లెక్కల మాస్టారు వెనకవరస తలుపు పక్కన నిలబడ్డాడు. వేదిక మీద నిలువెత్తు చార్టు. హెడ్మాస్టరుగారు సుదీర్ఘంగా మాట్లాడి, మధ్యలో బల్ల గుద్ది, కూర్చుని, ప్రశాంత చిత్తంలోకి జారుకున్నారు. తర్వాత కొత్త పెళ్ళికూతుర్ని పిలిచారు.

ఆమె మైకు ముందుకొచ్చింది. "సభకు నమస్కారం. గొడుగు అనేది…" అని మొదలుపెట్టి, ధైర్యం కోసం భర్త వైపు చూసింది.

అప్పుడే ఆయన పక్కనున్న పిల్ల ఒకతె చొక్కా లాగి ఆయన్ని ఏదో అడిగింది. ఆయన వంగి విన్నాడు. ఏమన్నాడో ఇంత దూరం వినిపించదు గానీ, ఆ పెదాల కదలిక ఆమెకు బాగా తెలుసు, తనే గీసింది. నాకు తెలియదు, కనుక్కుని చెప్తాను. అనగానే ఆయన తల ఎత్తి, అటు ఒకసారి, ఇటు ఒకసారి చూశాడు. ఎవరైనా విన్నారా అని.

అది చిన్న చూపు. హాల్లో ఇంకెవరూ గమనించి ఉండరు. కొత్త పెళ్ళికూతురికి మాత్రం లోపల ఎక్కడో కలుక్కుమంది. పాలు పొంగితే ముచ్చటపడ్డ మనిషి, తిట్టినవాడి గొంతు బాగుందన్న మనిషి, ఆ చూపులో దేన్నీ ముచ్చటపడలేకపోయింది. ఇన్నాళ్ళూ ఎంత వెతికినా దొరకని చెడు ఆమెకు నిండు సభలో, మైకు ముందు దొరికింది. తయారుచేసింది కూడా తనే.

"గొడుగు అనేది పంచుకోవాలి," అంది. "గిన్నెలు తోమాలి. తెలియనప్పుడు తెలియదనే చెప్పాలి. ఈ చార్టులో రంగులు తారుమారైనాయి. అచ్చులో తప్పు. తప్పు మెషినుదీ కాదు, మెషిన్ నడిపినాయనదీ కాదు. రంగులు చూడమంటే మా ఆయన్ని చూస్తూ నిలబడ్డాను. అంత సిగ్గులేనిదాన్ని. ఎర్ర గడుల్లో ఉన్నవన్నీ మంచి పనులు. ఆకుపచ్చలో ఉన్నవి… నేను చెడ్డవాడని గీసిన మనిషి."

సభ నిశ్శబ్దమైంది. ఎంత నిశ్శబ్దమంటే హెడ్మాస్టరుగారు మేలుకున్నారు.

అందరి తలలూ చార్టులోని మీసం వైపు తిరిగి, అక్కణ్ణుంచి వేదిక మీది మీసం వైపు తిరిగాయి. హెడ్మాస్టరుగారు లేచి నిలబడ్డారు. మొహం రెండు రంగులు మారింది. మొదట ఎర్ర రంగు, తర్వాత ఆకుపచ్చ. "ఎందుకలా చూస్తున్నారు?" అన్నారు. "ఆ బొమ్మకూ నాకూ ఏమిటి పోలిక?"

"పోలికేముంది సార్!" అన్నారు టీచర్లు ముక్తకంఠంతో. "ఆ మీసం ఎడమవైపు తిరిగి ఉంది."

"కనుబొమలు కూడా ఎవరివో!" అన్నారు తల్లిదండ్రులు.

"మరి మొన్న ప్రార్థనలో…" అని ఒక పిల్ల మొదలుపెట్టింది. వాళ్ళమ్మ ఆ పిల్ల నోరు మూసింది.

ఇక్కడ ఒక సున్నితమైన సమస్య వచ్చి పడింది. లెక్కల మాస్టారి ఉద్యోగం తీసేయాలన్న కోరిక హెడ్మాస్టరుగారి కళ్ళలో నిప్పులా వెలుగుతోంది. కానీ తీసేస్తే దేనికి కోపమొచ్చింది అంటారు. కోపమొచ్చిందంటే బొమ్మ తనదని ఒప్పుకున్నట్టే. బొమ్మ తనది కానప్పుడు కోపం రావడానికి కారణమే లేదు. కారణం లేదని నిండు సభకు నిరూపించడానికి ఒకే దారి. హెడ్మాస్టరుగారు పళ్ళన్నీ కనిపించేలా నవ్వి, లెక్కల మాస్టార్ని వేదిక మీదికి పిలిచి, భుజం మీద కాస్త గట్టిగానే తట్టి, ఉద్యోగం ఖాయం చేస్తూ అక్కడికక్కడే సంతకం పెట్టారు. కలం నిబ్బు వంగింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఈ ఊళ్ళో నిజం గెలవగా కళ్ళారా చూసినవాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళు ఆ హాల్లోనే ఉన్నారు. అది ఎందుకు గెలిచిందో ఎవరూ అడగలేదు.

ఇంటికెళ్ళే దారిలో అత్తగారు వేళ్ళు మడుస్తూ ఏదో తేల్చుకుంటూ నడిచింది. చివరికి, "అయితే గిన్నెలు తోమడం మంచిదేనన్నమాట," అంది.

"అవునత్తయ్యా."

"ఎర్రలోనే బాగుండేదే."

లెక్కల మాస్టారు ఆ పూట రోడ్డు మధ్యలో నిలబడి ఎక్కిళ్ళు వచ్చేదాకా నవ్వాడు. కొత్త పెళ్ళికూతురు ఆ ఎక్కిళ్ళను ఒక్కొక్కటే విని ఆనందించింది.

తర్వాత జరిగింది క్లుప్తంగా. చార్టు సంగతి తేల్చడానికి తల్లిదండ్రుల సంఘం, హెడ్మాస్టరుగారు, టీచర్లు, అచ్చాఫీసు యజమాని కలిసి కూర్చున్నారు. రంగులు ఇప్పుడు మారిస్తే పిల్లలు కలవరపడతారు గనక ఉన్నవి ఉన్నట్టే ఉంచాలని తీర్మానించారు. మీసం మాత్రం తీసేయాలన్నారు. అయితే ఈ వ్యవహారమంతటిలో చార్టులో లేని ఒక కొత్త అలవాటు బయటపడిందని, దానికి ఒక గడి కేటాయించక తప్పదని హెడ్మాస్టరుగారు సూచించారు. ఎవరూ అడగకుండా, అందరూ హాయిగా ఉన్న సమయంలో, నలుగురిలో నిలబడి తన తప్పు తనే చెప్పుకోవడం. దీన్ని ఏ రంగులో వేయాలన్న దానిమీద చర్చ ఏమీ జరగలేదు. అందరివీ వేరువేరు అభిప్రాయాలే గానీ, ఈ ఒక్క విషయంలో మాత్రం ఊరు ఏకమైంది.

ఆ బొమ్మ గీసే పని కూడా ఆమెకే ఇచ్చారు. ఆఫీసులో చిత్రకారిణి ఆమె ఒక్కతే కదా. ఆమె తన బొమ్మ తనే గీసుకుంది. మైకు ముందు, నోరు తెరిచి. ఉన్నమాట చెప్పాలంటే ముక్కు కాస్త చిన్నది చేసుకుంది, జడ కాస్త పొడుగు చేసుకుంది. ఈసారి మెషిన్ బాబాయి పిలిస్తే రంగులే చూసింది, రెండుసార్లు చూసింది. ఎరుపు సరిగ్గా ఎర్రగానే పడింది.

కొత్త ముద్రణ మీ పిల్లల తరగతి గదిలో కూడా ఉంది. కింది వరుసలో, కుడివైపు చివరి గడి. ఈసారి బడికి వెళ్ళినప్పుడు ఒకసారి చూడండి. చూడగానే "ఈవిణ్ణి ఎవరు మాట్లాడమన్నారు?" అని మీకు అనిపిస్తే, రంగులు సరిగ్గానే ఉన్నట్టు.